యుకాతా కట్టుకుని యాకతాబునె ఎక్కేముందు

టోక్యోలోని సుమిదా నదిలో సాయంత్రం ఆరున్నరకు తాడు విప్పిన విందు పడవ మళ్ళీ తొమ్మిదికి గానీ ఒడ్డు చేరదు. ఈ మధ్యలో యుకాతా (వేసవిలో కట్టుకునే పల్చటి నూలు కిమోనో) మీద నడుముకు చుట్టిన ఓబి అనే పట్టీ ఊపిరాడనివ్వకపోయినా, కాలివేళ్ళ సందు ఒరుసుకుపోయినా, శాకాహారి స్నేహితుడి పళ్ళెంలోకి రొయ్య వచ్చినా చేయగలిగింది పెద్దగా ఉండదు. లేచి ఇంకో హోటలుకు పోయే వీలు లేదు, మందుల షాపు లేదు. కాబట్టి ఈ విందులో ముప్పాతిక వంతు పని ఒడ్డు మీదే అయిపోవాలి. ఈ వ్యాసంలోనూ పడవ కన్నా ఒడ్డు మీది సంగతులే ఎక్కువ.

యాకతాబునె అంటే ఇంటికి వేసినట్టు కప్పు వేసిన, అడుగు చదునుగా ఉండే పడవ. పుట్టింది వెయ్యేళ్ళ కిందటి హేయాన్ కాలపు ప్రభువుల నౌకావిహారంలో. 'ఎదో' అని పిలిచే కాలానికి (1603–1868) సుమిదా నది మీద వర్తకుల వేసవి సరదాగా మారింది. ఇప్పుడు వాటికి ఇంజను, ఏసీ, టాయిలెట్ అన్నీ ఉన్నాయి. చూరుకు వేలాడే ఎర్ర కాగితపు లాంతర్లు, లోపల పరిచిన తతామి చాపలు, వెనక వంటగదిలో అప్పటికప్పుడు బజ్జీల్లా పిండిలో ముంచి వేయించే తెంపురా మాత్రం అలాగే ఉన్నాయి. పడవలు నడిపేవాళ్ళను 'ఫునయాదొ' అంటారు. చాలావరకు తరతరాలుగా వస్తున్న కుటుంబ వ్యాపారాలే. అసాకుసాబాషి స్టేషన్ దగ్గర కందా నది సుమిదాలో కలిసే చోట, యానాగిబాషి అనే పచ్చ వంతెన పక్కన వరసగా కట్టేసి ఉన్న పడవలు చూస్తే లెక్క అర్థమవుతుంది. షినాగావా, త్సుకిషిమా వైపు నుంచీ, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయి ఉన్న ఎదొగావా వార్డు నుంచీ కూడా పడవలు బయల్దేరతాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఎంతమంది అన్నది. పదిమంది లోపైతే 'నొరియై' తీసుకోండి. అంటే షేర్ ఆటో పద్ధతే: పడవ ఒకటే, బల్లలు వేరు వేరు, తలకింత అని టికెట్. చాలాచోట్ల ఇద్దరి నుంచి తీసుకుంటారు, ఒంటరిగా వెళ్తే ఒప్పుకోని చోట్లు ఉన్నాయి. పడవ మొత్తం మాట్లాడుకోవడాన్ని 'కషికిరి' అంటారు. దానికి పదిహేను, ఇరవై మంది కనీసం ఉండాలని షరతు పెడతారు. పన్నెండు మందే వచ్చినా ఇరవై మంది డబ్బు కట్టాల్సిందే. తెలుగు వాట్సాప్ గ్రూపులో 'నేనూ వస్తా' అన్న ముప్పై మందిని నమ్మి కషికిరి చేసుకోకండి. డబ్బు చేతిలో పెట్టినవాళ్ళనే లెక్కలోకి తీసుకోండి.

ధర తిండి, తాగుడు కలిపి తలకు ఇంచుమించు 10,000 నుంచి 15,000 యెన్‌లు. ఇందులో 'నొమిహోదై' ఉంటుంది, అంటే పడవ దిగేదాకా బీరు, సాకే, షోచు, ఊలాంగ్ టీ, జ్యూసు ఎంతైనా తాగొచ్చు. మందు ముట్టనివాళ్ళకు కొన్నిచోట్ల ధర తగ్గిస్తారు, అడిగితేనే. టిప్పు ఇచ్చే అలవాటు జపాన్‌లో లేదు. చిన్న ఫునయాదొల్లో కార్డు తీసుకోకపోవచ్చు, బుకింగ్ రోజే ఆ సంగతి తెలుసుకోవాలి. రద్దు చేసుకుంటే ఎంత పోతుందన్నదీ అప్పుడే చదువుకోవాలి. ఆ రోజు మానుకుంటే మొత్తం పోయినట్టే అని రాసి ఉండేవే ఎక్కువ. వాన పడితే పడవ ఆగదు. గాలి ఎక్కువైనా, తుఫాను వస్తున్నా వాళ్ళే ఆపేస్తారు, ఆ డబ్బు మీ మీద పడదు.

తేదీ కన్నా బయల్దేరే వేళకు ఎక్కువ విలువ ఇవ్వండి. టోక్యోలో జూన్ చివర సూర్యాస్తమయం ఏడు గంటలకు, జులై చివర ఆరూ యాభైకి, ఆగస్టు మధ్యలో ఆరున్నరకు అవుతుంది. జులైలో ఆరున్నర పడవ ఎక్కితే వెలుతురులో నది, చీకటి పడ్డాక దీపాలు రెండూ దక్కుతాయి. సెప్టెంబరు మొదట్లో అదే పడవ మొత్తం చీకట్లోనే సాగుతుంది. మధ్యాహ్నం పడవలు కాస్త చౌకే, కానీ ఆగస్టు ఎండలో యుకాతా కట్టుకుని రేవు దాకా నడిచి రావడమంటే చెమటతో తడిసి ముద్దవడమే.

జులై ఆఖరి శనివారం సుమిదా బాణసంచా రాత్రి. 1733 నాటి ర్యోగొకు నది పండుగకు వారసత్వంగా చెప్పుకునే ఈ వేడుక మధ్యలో ఆగిపోయి 1978లో ఇప్పటి పేరుతో మళ్ళీ మొదలైంది. ఇరవై వేల దాకా బాణాలు పేలుస్తారు. ఆ రాత్రి పడవ ధర మామూలు రోజు కన్నా ఎన్నో రెట్లు, నెలల ముందే నిండిపోతుంది, పైగా పడవ కదలకుండా ఒకచోటే గంటలకొద్దీ నిలబడుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ రోజు మానేసి మామూలు మంగళవారమో బుధవారమో వెళ్తేనే హాయి. వంతెనలన్నీ చూడొచ్చు, బల్లలూ ఖాళీగా ఉంటాయి.

తిండి సంగతి బుకింగ్ రోజే

పడవ వంటగది చిన్నది. ఎక్కాక 'నాకు చేప వద్దు' అంటే వంటాయన దగ్గర తీయడానికి ఉంటుంది గానీ, బదులు పెట్టడానికి ఉండదు. మామూలు భోజనం వరస ఇలా ఉంటుంది: ముందు ఎదమామె అనే పచ్చి సోయా గింజలు, చిన్న చిన్న గిన్నెల్లో నంజుళ్ళు. తర్వాత సాషిమి, అంటే పచ్చి చేప ముక్కలు. ఆ తర్వాత తెంపురా. అది ఒకేసారి రాదు. రొయ్య, కిసు అనే సన్నటి తెల్ల చేప, అనాగో అనే సముద్రపు పాము చేప, వంకాయ, గుమ్మడి, షిసో ఆకు, ఒకటొకటిగా వేగుతూ వస్తాయి. అన్నం, మిసో పులుసు, ఊరగాయ చిట్టచివర. మనకు అన్నం రానిదే భోజనం మొదలైనట్టు ఉండదు కదా, అందుకని తెంపురా పక్కన పెట్టి అన్నం కోసం చూస్తారు. అక్కడే దెబ్బ తింటారు. తెంపురా రెండు మూడు నిమిషాల్లో తినాలి. పళ్ళెంలో పేర్చుకుని కబుర్లలో పడితే లోపలి కూరగాయ నీరు వదిలి పైపొర మెత్తబడిపోతుంది, చల్లారిన బజ్జీ గతే.

శాకాహారులకు ఇక్కడ మూడు గండాలు. కంటికి కనబడే చేప, రొయ్య మొదటిది. రెండోది దాషి. పులుసులోనూ, తెంపురా ముంచుకునే తెంత్సుయులోనూ, ఉడికించిన కూరగాయల్లోనూ ఎండు చేప తురుముతో కాచిన ఈ నీరే ఉంటుంది. వంకాయ ముక్క చూసి కూరగాయే కదా అని తినేస్తారు గానీ అది ఉడికింది చేప నీళ్ళలో. మూడోది నూనె, పిండి. తెంపురా పిండిలో గుడ్డు కలపడం మామూలే. కూరగాయలు వేగేదీ రొయ్యలు వేగిన మూకుట్లోనే. వేరే నూనెలో వేయించమంటే చాలా పడవల్లో కుదరదు. ఆ పట్టింపు ఉన్నవాళ్ళకు తెంపురా వదిలేయమనడం, బదులు చల్లటి తోఫు, ఎదమామె, అన్నం, పళ్ళు పెట్టమనడం నిజాయితీ గల దారి.

ఫోను చేసేటప్పుడు 'వెజిటేరియన్' అనే ఒక్క మాటతో సరిపెట్టకండి. ఆ మాటకు చేప తింటారని అర్థం చేసుకునేవాళ్ళు బోలెడంతమంది. ఇలా విడమర్చి చెప్పండి: "నికు మో సకానా మో తమాగో మో తాబెమాసెన్. దాషి మో దామె దెస్." మాంసం, చేప, గుడ్డు తినరు, దాషి కూడా కుదరదు అని. పచ్చి చేప ఒక్కటే ఇబ్బందైతే "నామామొనొ గా తాబెరారెమాసెన్" చాలు, సాషిమికి బదులు వండినది పెడతారు. ఎంతమందికి ఏది అన్నది పేర్లతో కాక అంకెలతో చెప్పండి: ఎనిమిదిమందిలో ఇద్దరికి శాకాహారం, ఒకరికి పచ్చి చేప వద్దు. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి. ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకోరు, అడగకుండా బల్ల మీద తెరవకండి. ఒక చిటికె చిట్కా: తెంత్సుయు వద్దన్నవాళ్ళు 'షియో' అడగాలి, అంటే ఉప్పు. నిజానికి చేప తెంపురాకూ ఉప్పే బాగుంటుంది, అది వేరే మాట.

యుకాతా: అద్దెకా, కొనడమా

అద్దెకు తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: ఎప్పటికి తిరిగి ఇవ్వాలి? అసాకుసా దుకాణాల్లో చాలావాటికి సాయంత్రం ఐదు, ఆరింటికే గడువు. పడవ ఎక్కేది ఆరున్నరకు. ఈ ఒక్కటి చూసుకోక, ఐదింటికి బట్టలు విప్పి ఇచ్చేసి టీ షర్టుల్లో పడవ ఎక్కేవాళ్ళు ప్రతి వేసవిలోనూ ఉంటారు. మర్నాడు ఇచ్చే పద్ధతి అడగండి, కొంచెం ఎక్కువ తీసుకుంటారు. కట్టిపెట్టడంతో కలిపి అద్దె 4,000 నుంచి 6,000 యెన్‌ల దాకా అవుతుంది. అదే డబ్బుకు యుకాతా, ఓబి, గేతా అనే చెక్క చెప్పులు కలిపిన సెట్ జూన్ నుంచి పెద్ద సూపర్ మార్కెట్లలోనూ, దోన్ కిహోతె లాంటి దుకాణాల్లోనూ దొరుకుతుంది. కట్టుకోవడం వస్తే కొనడమే లాభం.

కొలత చూడటం సులువు: ఆడవాళ్ళ యుకాతా పొడవు ఇంచుమించు మీ ఎత్తంత ఉండాలి. కొంచెం ఎక్కువైనా నడుము దగ్గర మడతలో పోతుంది. మగవాళ్ళకు ఆ మడత లేదు, కాబట్టి భుజం నుంచి చీలమండ దాకా సరిపోయేదే కొనాలి. అసలు చూడాల్సింది వెడల్పు. ముందు పల్లెలు రెండూ, అంటే కుడి ఎడమల బట్ట రెక్కలు, ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కకపోతే నిలబడ్డప్పుడు ఏమీ తెలియదు, తతామి మీద కూర్చోగానే తొడల దాకా తెరుచుకుంటుంది. తుంటి భారీగా ఉన్నవాళ్ళు 'వైడ్' సైజు అడిగి తీసుకోవాలి.

కట్టుకోవడానికి కావాల్సినవి: లోపల చెమట పీల్చే పల్చటి నూలు బనీను, మోకాళ్ళ దాకా లోదుస్తు, రెండు కొషిహిమో, ఒక దతెజిమె, ఓబి, ఓబి ముందు ముడత పడకుండా దోపే అట్ట, ఒక చేతి తువ్వాలు. కొషిహిమో అంటే మరేం లేదు, లంగా బొందు. దతెజిమె అరచేతి వెడల్పున్న పట్టీ.

ముందుగా ఒక నియమం. ఎడమవైపు పల్లె పైకి రావాలి, ఆడా మగా అందరికీ. కుడిది పైకి వేసి కట్టేది శవానికి. అద్దంలో చూసి కట్టుకునేవాళ్ళకు ఇది తారుమారవుతుంది. పరీక్ష ఇది: కుడిచేయి గుండెల దగ్గర లోపలికి జేబులో పెట్టినట్టు సునాయాసంగా దూరితే సరిగ్గా ఉన్నట్టు. దూరకపోతే విప్పి మళ్ళీ కట్టాలి. సెల్ఫీ కెమెరా ఫొటోను తిరగేసి చూపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడకండి.

ఆడవాళ్ళు కట్టుకునే తీరు ఇది. తువ్వాలును నిలువుగా మడిచి నడుముకు చుట్టుకోండి. చీర నడుము సన్నగా చూపిస్తే, యుకాతాకు నడుము గుంట పూడిపోయి స్తంభంలా ఉండాలి. అప్పుడే ఓబి జారదు, చెమట తువ్వాలుకే పోతుంది. యుకాతా తొడుక్కుని, వీపు మధ్య కుట్టు వెన్నెముక మీదికి తెచ్చి, రెండు అంచులూ పట్టుకుని బట్ట మొత్తాన్ని పైకెత్తి, కింది అంచు చీలమండ దగ్గర నిలపండి. ఎడమ పల్లెను ఒకసారి కుడి తుంటి ఎముక దాకా తెచ్చి వెడల్పు చూసుకుని, ఎత్తు చెడకుండా మళ్ళీ తెరవండి. ఇప్పుడు కుడి పల్లె లోపలికి, దాని కింది కొసను ఒక పది సెంటీమీటర్లు పైకి లేపి. దాని మీద ఎడమ పల్లె, కొసను ఐదు సెంటీమీటర్లు లేపి. ఈ కొసలు లేపకపోతే మొదటి మెట్టు ఎక్కేటప్పుడే అంచు తొక్కుకుంటారు.

తుంటి ఎముకకు కాస్త పైన మొదటి బొందు గట్టిగా కట్టాలి. మొత్తం కట్టులో బిగువు ఉండాల్సింది ఇక్కడే. మిగతావన్నీ వదులైనా ఈ బొందు నిలబెడుతుంది. ఇది వదిలేస్తే ఓబి ఎంత బిగించినా అంచు కిందికి దిగుతూనే ఉంటుంది, మనం ఓబి మీద కోపం చూపించి ఇంకా బిగిస్తాం, చివరికి తిండి సహించదు. తర్వాత చంకల కింద ఉన్న చీలికల్లోంచి చేతులు లోపలికి పెట్టి, నడుము దగ్గర పోగైన బట్టను ముందూ వెనకా చదును చేయండి. ఓబి కింద వేలెడు వెడల్పున కాదు, వేలెడు పొడవున కనబడే ఆ మడతే 'ఒహషొరి'. మెడ వెనక కాలరును పిడికిలి పట్టేంత వెనక్కి లాగి, ముందు గొంతు గుంట దగ్గర రెండంచులూ కలిసేలా చూసి, రొమ్ము కింద రెండో బొందు, దాని మీద దతెజిమె. ఈ రెండోది ఊపిరి ఆడేలా ఉండాలి.

ఓబి వెడల్పు పదిహేను సెంటీమీటర్ల చిల్లర, పొడవు మూడున్నర నుంచి నాలుగు మీటర్లు. ఒక కొసను యాభై అరవై సెంటీమీటర్లు సగానికి మడిచి భుజం మీద వేసుకుని, మిగతాది రెండు చుట్లు చుట్టి, ముందువైపే ముడి వేసి, తర్వాత మొత్తాన్ని మీ కుడిచేతి వైపుగా వెనక్కి తిప్పాలి. ఎడమకు తిప్పితే ముందు అంచులు చెదిరి కాలరు విప్పారిపోతుంది. ఫొటోల్లో అందరికీ నచ్చేది బుంకో అనే సీతాకోకచిలుక ముడి. పడవకు మాత్రం దాన్ని వద్దనే చెప్తాం. రెండున్నర గంటలు గోడకో వీపు దిండుకో ఆనుకుంటే అది నలిగిపోతుంది, లేదంటే దాన్ని కాపాడుకుంటూ నిటారుగా కూర్చుని నడుము పట్టేస్తుంది. చదునుగా ఉండే కరుతా ముడి గానీ కైనొకుచి గానీ వేసుకోండి. ముందే కుట్టి, తీగతో తగిలించే రెడీమేడ్ ముడి అయితే ఆ తీగ వీపులో గుచ్చుకుంటూనే ఉంటుంది. కట్టడం అయ్యాక ఓబిలోకి రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే అన్నం వచ్చేసరికి మీకు ఆకలి ఉండదు.

మగవాళ్ళది ఇందులో సగం పని కూడా కాదు. ఒక బొందు, ఒక ఓబి. తప్పు జరిగేది ఒక్కచోటే: ఓబిని ప్యాంటు బెల్టులా నడుము మీద కట్టడం. పొట్ట కింద, తుంటి మీద, ముందు కిందికి వెనక కాస్త పైకి ఉండాలి. మన పంచె కట్టే చోటు కన్నా ఇంకొంచెం కిందికే. కొంచెం బొజ్జ ఉన్నవాళ్ళకు అందుకే యుకాతా సన్నవాళ్ళ కన్నా బాగా నప్పుతుంది.

గేతా చెప్పులను కొన్న రోజే పడవకు వేసుకుపోకండి. బొటనవేలి సందులో పట్టీని చేత్తో లాగి కొంచెం సాగదీసి, ముందు రోజు ఇంట్లో అరగంట నడవండి. వేళ్ళను పట్టీలోకి చివరంటా దూర్చకుండా కొంచెం వదులుగా ఉంచి, మడమ చెక్క నుంచి ఒక సెంటీమీటరో రెండో బయటికి వచ్చేలా నడిస్తే ఒరుసుకోదు. సంచీలో మనిషికి నాలుగు ప్లాస్టర్లు, ఒక జత మామూలు చెప్పులు ఉండాలి. రేవు మెట్లు తడిగా ఉంటాయి, చెక్క గేతా అక్కడ జారుతుంది. బల్లచెక్క మీద పడవలోకి అడుగు వేసేటప్పుడు ఒక చేత్తో అంచు ఎత్తిపట్టుకుని, రెండో చేయి పడవ మనిషికి ఇవ్వండి. మొహమాటపడేది కాదు, వాళ్ళు అందుకే అక్కడ నిలబడతారు.

ఎక్కిన తర్వాత

పదిహేను, ఇరవై నిమిషాల ముందే రేవులో ఉండాలి. పాపికొండల లాంచీ వాడు 'ఇంకో కుటుంబం వస్తోందండీ' అని ఆగుతాడేమో గానీ, ఇక్కడ ఆరున్నర అంటే ఆరున్నరే. చెప్పులు గుమ్మం దగ్గర విప్పాలి. బల్లలు ఎక్కువ పడవల్లో 'హొరిగొతత్సు' పద్ధతిలో ఉంటాయి, కింద కాళ్ళు వేలాడేసుకునే గుంట ఉంటుంది. ఒట్టి తతామి మీద కూర్చోబెట్టే పడవలు కూడా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే బుకింగ్‌లోనే అడిగి, కుర్చీలున్న పడవ తీసుకోండి.

కడుపులో తిప్పేవాళ్ళను పడవ మధ్యలో కూర్చోబెట్టండి, ఊపు అక్కడ తక్కువ. నదిలో సాగుతున్నంతసేపూ ఏమీ ఉండదు. టోక్యో అఖాతంలోని ఒదైబా దగ్గర అరగంట లంగరేసి నిలబడినప్పుడే చిక్కు: పక్కనుంచి పోయే పడవల అలలు చదును అడుగును అటూ ఇటూ ఊపుతాయి. మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఆ రాత్రి తాగుడు మానేయాలి. ఆ మాత్రలు చాలావరకు మత్తు పుట్టించేవే, దాని మీద సాకే పడితే స్నేహితులు మోసుకు రావాల్సిందే.

కూర్చునేటప్పుడు కుడిచేత్తో పై పల్లెను మోకాలి దగ్గర కొంచెం పైకి లాగి కూర్చుంటే తొడల దగ్గర బిగుసుకోదు, అంచు విప్పారదు. బల్ల అవతలికి చేయి చాపేటప్పుడు ఎడమచేత్తో కుడి చేతి జేబులాంటి ఆ వేలాడే బట్టను పట్టుకోవాలి. పట్టుకోకపోతే అది సోయా గిన్నెలో మునిగి తేలుతుంది. ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరికి ఇది జరుగుతుంది. ఒళ్ళో తువ్వాలు పరుచుకోండి. గ్లాసులు అందరికీ నిండాక 'కాంపాయ్' (చీర్స్) అనేదాకా తాగకూడదు. ఆ తర్వాత పక్కవాళ్ళ గ్లాసు మీరు నింపాలి, మీది వాళ్ళు నింపుతారు.

ఆడవాళ్ళను ఎక్కువ భయపెట్టేది టాయిలెట్. లాండ్రీ క్లిప్పులు రెండు వెంట తీసుకెళ్ళండి. ముందు రెండు చేతుల వేలాడే బట్టలనూ ఒకచోట చేర్చి ఓబి ముందు క్లిప్పు పెట్టండి. తర్వాత పై పల్లె, లోపలి పల్లె, లోదుస్తు, ఒక్కోదాన్ని కింది కొస నుంచి పైకెత్తి ఓబిలో దోపండి. మూడూ కలిపి గుట్టగా ఎత్తితే మొత్తం కట్టు ఊడొస్తుంది. దించేటప్పుడు లోపలిది ముందు. బయటికి రాబోయే ముందు వెనక ఒహషొరి పైకి ఇరుక్కుందేమో చేత్తో తడిమి చూసుకోండి. పడవలో టాయిలెట్లు ఒకటో రెండో ఉంటాయి, దిగే ముందు క్యూ తప్పదు, ఒదైబాలో అందరూ కప్పు మీదికి వెళ్ళినప్పుడు పని కానిచ్చేయండి.

మధ్యలో ఛాతీ దగ్గర బట్ట వదులైతే మెడ దగ్గర సర్దకండి, ఇంకా చెడుతుంది. ఓబి కింద కనబడే మడతను పట్టుకుని మెల్లగా కిందికి లాగితే పైన అదే సర్దుకుంటుంది. వెనక కాలరు మెడకు అతుక్కుపోతే వీపు కుట్టును ఓబి కింద నుంచి లాగాలి.

కిటికీలోంచి చూడాల్సినవి వరసగా చెప్పాలంటే, యానాగిబాషి నుంచి దక్షిణానికి పోయే పడవకు ముందు ర్యోగొకు వంతెన, తర్వాత నీలి రంగు కియోసు వంతెన వస్తాయి. ఇది 1928లో కట్టింది. 1926 నాటి ఎయితై వంతెనతో పాటు ఇదీ 1923 భూకంపం తర్వాతి పునర్నిర్మాణంలో పుట్టిందే. ఇంకా కిందికి 1940లో కట్టిన కచిదొకి. పెద్ద ఓడలు వస్తే దీని నడిమి భాగం రెండుగా విచ్చుకుని పైకి లేచేది. 1970లో చివరిసారి లేచింది. ఆ తర్వాత సముద్రం, 1993లో తెరిచిన రెయిన్‌బో బ్రిడ్జి. దాని పక్కన నీళ్ళలో చెట్లు పెరిగిన చిన్న దీవిని చూపించి అదేంటని అడగండి, ఎవరూ చెప్పరు. 1853లో 'నల్ల ఓడలు' అనే అమెరికా యుద్ధనౌకలు వచ్చాక భయపడి కట్టించిన ఫిరంగి దిబ్బ అది. ఒదైబా అనే పేరు ఆ దిబ్బల నుంచే వచ్చింది. కొన్ని పడవలు ఎగువకు తిరిగి 634 మీటర్ల స్కైట్రీ టవర్ దాకా పోతాయి. అయితే సుమిదాలో సముద్రపు పోటు తెలుస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు తక్కువ ఎత్తు వంతెనల కింద పడవ దూరదు, అప్పుడు దారి మార్చేస్తారు. బ్రోషర్‌లో ఉన్న దారే చూపించలేదని గొడవ పెట్టుకోవడం దండగ.

కప్పు మీదికి పోయే మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. అంచు రెండు చేతుల వేళ్ళతో ఎత్తితే పట్టుకోవడానికి చేయి ఉండదు. ఎడమచేత్తో ముందు అంచు ఒక్కటే గుప్పిట పట్టి, కుడిచేత్తో కమ్మీ పట్టుకోండి. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. ఫోనుకు తాడు ఉండాలి, విసనకర్ర ఓబిలో వెనకవైపు దోపాలి. గ్రూపు ఫొటో పడవ లంగరు మీద ఉండగానే తీసుకోండి, కదిలాక చీకట్లో అన్నీ మసకే. మందు ఆర్డర్లు దిగడానికి అరగంట ముందే ఆపేస్తారు. ఆ మాట మీ బల్లకు ఎవరైనా ముందే చెప్పి ఉంచాలి.

మర్నాటి పని

రాత్రి ఇంటికి రాగానే యుకాతాను మడిచి పడేయకుండా హ్యాంగరుకు వేయండి, చెమట ఆరాలి. నూనె మరక ఉంటే తడి బట్టతో రుద్దకండి, లోపలికి పాకుతుంది. మరక కింద పొడి తువ్వాలు పెట్టి, పైన గిన్నెలు కడిగే సబ్బు ఒక చుక్క వేసి, వేలితో అద్ది అద్ది తువ్వాలులోకి దించాలి. సోయా మరకకు చల్లటి నీళ్ళు చాలు, కాకపోతే ఆ రాత్రే. నూలుదైతే వలసంచీలో వేసి చన్నీళ్ళతో మెషిన్‌లో తిప్పొచ్చు. ముదురు నీలం వాటిని మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలి, రంగు దిగుతుంది. చేతులు చాపినట్టు కర్రకు తొడిగి నీడన ఆరేయండి. అద్దెదైతే ఇవేవీ చేయకండి. మరక ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించి ఇచ్చేయండి. ఇంట్లో సబ్బు పెట్టి పాడుచేస్తే ఉతుకు ఖర్చు కాదు, బట్ట ఖరీదే కట్టమంటారు.